మొరగబోయి ఆగిపోయిన పెట్టె

2023 వానాకాలం. హనుమకొండలో ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో కౌంటర్ నాది. మేడమీద గదిలో నెలకో ఆదివారం సింగిల్ బోర్డ్ కంప్యూటర్లతో, అంటే అరచేతిలో పట్టే ఒకే పలక మీద మొత్తం కంప్యూటర్ ఉండే బోర్డులతో, సరదాగా ఏవేవో తయారుచేసేవాళ్లు కలుస్తారు. వాళ్లకు కావలసినవి అందించడానికి పైకి వెళ్తాను. అక్కడ ఒక్క మాటా మాట్లాడింది లేదు.

అంతకుముందు వేసవిలో నా డైరీలో ఒక బొమ్మ గీసుకున్నాను. కెమెరాతో కోతిని గుర్తుపట్టి కుక్కలా మొరిగే పెట్టె. మా ఊళ్లో మక్కచేలను కోతులు బతకనివ్వవు. రోజూ కోడ్ రాసేదాన్ని, కొట్టేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. జూలై మీటింగ్‌కు నర్సంపేట నుంచి షాహీన్ అనే డిగ్రీ అమ్మాయి వచ్చి, అందరి ముందూ నిలబడి, అదే పెట్టె చేస్తున్నానని చెప్పేసింది. చప్పట్లు. నా డైరీని ఎవరో బజార్లో పైకి చదివినట్లు ఒళ్లు మండింది. ఆమె నా డైరీ చూడలేదని తెలుసు. కోతులు అందరి చేలలోనూ ఉన్నాయి.

మరుసటి నెల మీటింగ్‌లో బాగా పనిచేసిన ప్రాజెక్టును హైదరాబాద్ ప్రదర్శనకు పంపుతామన్నారు. ఆ రోజు పొద్దున షాహీన్ కౌంటర్ దగ్గరికి ఉరికొచ్చింది.

"అక్కా, పవర్ కేబుల్ ఇంట్ల మర్చిపోయిన. గీ కేబుల్ నడుస్తదా?"

ఆమె చూపించింది ఫోన్ ఛార్జింగ్‌కు అమ్మే సన్నటి కేబుల్. దేనికని అడిగి ఇవ్వడం మా కౌంటర్ పద్ధతి. నాకు అడగాల్సిన పనే లేదు. కెమెరా, స్పీకర్ తగిలించిన బోర్డుకు అది చాలదని తెలుసు.

"నడుస్తది," అని ఇచ్చాను.

బోర్డులకు తగిలించే జంపర్ వైర్లు ఇచ్చే వంకతో పైకి వెళ్లాను. షాహీన్ కెమెరా ముందు కోతి ఫోటో పెట్టింది. పెట్టె "భౌ" అనబోయి సగంలో ఆగింది. బోర్డు ఆరిపోయి మళ్లీ మొదటినుంచి లేచింది. రెండోసారీ అంతే.

"ఏందమ్మా, నీ కుక్కనే కోతిని చూసి భయపడుతాంది?" వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"పొద్దుగాల ఇంట్ల మంచిగనే మొరిగింది సార్, జర ఆగుండ్రి." షాహీన్ వైర్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూసింది.

"కోడ్‌ల తప్పుంటది బిడ్డా. ఇంకో పది నిమిషాలు చూస్త, కాకపోతే వేరేటోళ్లకు ఛాన్సు ఇయ్యాలె," అన్నాడు మా ఓనర్ రవీందరన్న.

ఆమె చిన్న స్క్రీన్ నావైపు తిరిగి ఉంది. మూలన పసుపుపచ్చ మెరుపు గుర్తు. అండర్ వోల్టేజ్, అంటే బోర్డుకు కరెంటు చాలడం లేదని అర్థం. మొరిగేటప్పుడు స్పీకర్ ఎక్కువ లాగుతుంది. సన్నటి కేబుల్ అంత మోయలేదు.

సంతోషం వేస్తుందనుకున్నాను. కొంచెం వేసింది కూడా. అంతలో షాహీన్ తన కోడ్‌లో మంచి వరుసలే ఒక్కొక్కటిగా కొట్టేయడం మొదలుపెట్టింది. అది చూడలేకపోయాను.

కిందికి ఉరికి లావు కేబుల్ తెచ్చాను.

"కొట్టెయ్యకు. నీ కోడ్ మంచిగనే ఉంది. కేబుల్ చాలదని తెలిసే ఇచ్చిన." ఆ గదిలో నేనన్న మొదటి మాటలవి.

షాహీన్ నన్ను ఒక్క క్షణం చూసింది. కేబుల్ మార్చి, కొట్టేసిన వరుసలు మళ్లీ రాసింది. ఈసారి పెట్టె మొరిగితే రోడ్డు మీది కుక్క బదులు పలికింది.

హైదరాబాద్‌కు ఆమె పెట్టే వెళ్లింది. నా అసూయ ఎక్కడికీ వెళ్లలేదు. ఇప్పుడు ఎవరు కేబుల్ అడిగినా దేనికని అడుగుతాను. నాకంటే బాగా చేసేవాళ్లయితే రెండుసార్లు అడుగుతాను.