ఒక దీపానికి ఇద్దరు

ఎయ్లిఫ్ గారు ఒంటరి మనిషికి దీపం అద్దెకివ్వరు. కాళ్లావేళ్లా పడినా సరే, ఇవ్వరు. నార్వే చిట్టచివరనున్న వార్డోలో చలికాలం రెండు నెలలూ సూర్యుడు మొహం చూపించడు. ఆ దిగులుకి మందుగా పనిచేసే తెల్లదీపాలు ఊరంతటికీ ఆయన కొట్లోనే దొరుకుతాయి. అందుకే ఆయన ఆటలు సాగుతున్నాయి.

"ఒక్క మొహానికి ఇంత వెలుగా! పక్కలకి పోయేదంతా దండగ కాదూ?" అంటారు.

విడాకులు తీసుకున్న దంపతుల్ని ఒకే దీపం ముందు కూర్చోబెట్టారు. "మీరు వదులుకున్నది ఒకరినొకరు. దీపాన్ని కాదుగా!" అన్నారు. ఒకాయన తెలివిగా కుక్కని వెంటబెట్టుకొచ్చి, ఇదే నా జత అన్నాడు. ఎయ్లిఫ్ గారు కుక్క మొహాన్ని పరీక్షగా చూసి, "దీనికి ఏ దిగులూ లేదు. ఇంకెవరినైనా తెచ్చుకో" అని పంపేశారు. ఇంత పిసినారిని ఎక్కడా చూడలేదని ఊరంతా నవ్వుకునేది.

క్షౌరశాల నడిపే గున్వోర్‌కి మాత్రం నవ్వు రాలేదు. గత రెండు చలికాలాలు ఆమె మంచం దిగలేదు. ఈసారి కూడా దుకాణం తెరవకపోతే ఇక శాశ్వతంగా మూసుకోవాల్సిందే.

"ఒక్క దీపం ఇవ్వండి. రోజూ పొద్దున అరగంట కూర్చోమన్నాడు డాక్టరు."

"జతెవరు?"

"నాకెవరూ లేరండీ."

"ఎందుకు లేరూ! మీ పక్కింటి ఒడ్మున్ లేడూ? నిన్ననే వచ్చి అడిగి వెళ్లాడు."

ఒడ్మున్! తన వాకిట్లో పడ్డ మంచునంతా పారతో ఎత్తి ఆమె గుమ్మం ముందు పోసిన మహానుభావుడు. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"వాడి పక్కన కూర్చోవడం కంటే చీకట్లో చావడం నయం!"

"నీ ఇష్టమమ్మా. ఇంకో దీపమైతే లేదు."

ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికెళ్లింది. నాలుగో రోజు దుప్పటి తీయడానికే గంట పట్టింది. భయం వేసి, వెళ్లి ఒప్పుకుంది.

మొదటి వారం ఇద్దరూ గున్వోర్ వంటింట్లో, ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. రెండో వారం ఒడ్మున్ నోరు విప్పాడు.

"ఇది కాఫీయా, గిన్నెలు కడిగిన నీళ్లా?"

"తాగమని నిన్నెవరు బతిమాలారు?"

"రేపు నేనే పెట్టుకొస్తా. కాఫీ అంటే ఏంటో చూద్దువుగాని."

మర్నాడు ఆ కాఫీకి వంకలు పెట్టాలన్న ఉత్సాహంతో గున్వోర్ అలారం కంటే ముందే లేచింది. దీపం మహిమో, గొడవ మహిమో గాని, దుకాణం తెరుచుకుంది.

జనవరిలో ఒకరోజు దీపం బల్బు పోయింది. కొత్తది తీసుకుందామని వెళ్తే కొట్లో ఎయ్లిఫ్ గారు లేరు. కింద గదిలోంచి చప్పుడు వినిపించి, మెట్లు దిగింది. గోడ పొడుగునా కొత్త దీపాల పెట్టెలు! సీలు కూడా విప్పలేదు. మధ్యలో ఎయ్లిఫ్ గారు దొంగలా నిలబడ్డారు.

"లేవన్నారు!"

"మొదటి ఏడాది తలా ఒకటి ఇచ్చానమ్మా. తలుపులేసుకుని, అంత వెలుగులోనూ ఒంటరిగా కూర్చుని దిగులుపడ్డారు." ఆయన గొంతు తగ్గింది. "ఎవరికీ చెప్పకు. కావాలంటే నీకొకటి విడిగా పట్టుకెళ్లు."

గున్వోర్ ఒక పెట్టె ఎత్తింది. రేపటి నుంచి ఒడ్మున్ పీడ విరగడవుతుంది. కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ కింద పెట్టేసింది.

"బల్బు చాలు. ఆ మనిషి కాఫీ పట్టుకుని ఎదురుచూస్తుంటాడు."

పైకి వచ్చేసరికి, ఊరికి కొత్తగా వచ్చిన పంతులమ్మ దీపం కోసం నిలబడి ఉంది. ఎయ్లిఫ్ గారు నోరు తెరిచేలోపే గున్వోర్ అందుకుంది.

"ఒక్కటీ లేదమ్మా! లోపలంతా నేనే చూసొచ్చాను. పరమ పిసినారి ఈయన. వెళ్లి జతని వెతుక్కో!"