అట్టముక్కల ఇంజినీరు

నోయిడాలో ఒక డేటా సెంటర్‌ని ఓ పూట ఉడకబెట్టిన ఘనుణ్ణి నేను. పొయ్యి వెలిగించలేదు, అగ్గిపుల్ల గియ్యలేదు. అట్టముక్కలతోనే పని కానిచ్చాను. మా ఆఫీసులో ఎవరికీ చెప్పకండని మిమ్మల్ని బతిమాలేవాణ్ణే గానీ, అక్కడ ఈ సంగతి తెలియనిది కాఫీ మిషన్‌కి ఒక్కదానికే.

కాకినాడ నుంచి వచ్చి నోయిడా పక్కనున్న ఇందిరాపురంలో గది తీసుకుని అప్పటికి మూడు నెలలు. ఐడీ కార్డు మెడలో వేసుకునే కూరగాయలకి కూడా వెళ్లే రోజులు. బయట జూన్ ఎండకి తారు చెప్పులకి అంటుకుంటుంటే, లోపల సర్వర్ హాల్లో నేను స్వెట్టర్‌లో వణికేవాణ్ణి.

సర్వర్లు పని చేసినంతసేపూ పెనంలా వేడెక్కుతాయి. మా హాల్లో కొత్త సర్వర్ల బీరువాల్లోకి సన్నటి గొట్టాల్లో చల్లటి నీళ్లు పంపుతారు. పాతవాటికి గాలే దిక్కు. నేల కింది నుంచి చల్లగాలి వచ్చి చిల్లుల పలకల్లోంచి పైకి తన్నుతుంది. రెండింటికీ చల్లదనం కింది అంతస్తులోని ఒకే ప్లాంటు నుంచి వస్తుంది.

ఆ వారం నా పని పాత సర్వర్ల మధ్య స్టూలేసుకుని వాటి నంబర్లు రాసుకోవడం. స్టూలు సరిగ్గా చిల్లుల పలక మీద పడింది. ఆ గాలి ప్యాంటు కాళ్లలోంచి దూరి వీపు దాకా వచ్చి పరామర్శించేది. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు పొద్దున ఖాళీ అట్టపెట్టెలు చింపి తెచ్చి కాళ్ల కింద పరిచాను. లోపలికి అట్టపెట్టెలు తేకూడదని తలుపు మీద బోర్డు ఉంది. అది శుభ్రత కోసమనుకున్నాను, అట్టలు శుభ్రంగానే ఉన్నాయి కదా. రెండు పలకలు కప్పితే హాయిగా అనిపించింది. హాయిని ఎక్కడ ఆపాలో తెలియని వయసు, వరుసంతా కప్పేశాను. గాలికి లేవకుండా పైన బరువుగా కూలింగ్ మాన్యువళ్లు పెట్టాను. వాటిని నేను ఉపయోగించడం అదే మొదటిసారి. తర్వాత టీకి వెళ్లాను.

ఆ రోజు పదకొండింటికి ఒక పెద్ద ప్రవేశ పరీక్ష ఫలితాలు. ఆ వెబ్‌సైట్ ఉన్నది సరిగ్గా నేను కప్పిన వరుసలో. పదకొండు దాటిన కాసేపటికి అలారాలు మోగాయి. వేడికి తాళలేక సర్వర్లు ఒక్కొక్కటీ వాటంతటవే ఆగిపోతున్నాయి. నేను కింద ప్లాంటు కంట్రోల్ రూముకి పరిగెత్తాను. హాల్లోకి వెళ్లి చూద్దామన్న ఆలోచనే రాలేదు. ఇంజినీరన్నవాడు స్క్రీన్ చూస్తాడు గానీ నేల చూస్తాడా చెప్పండి.

ప్లాంటు నడిపేది సత్‌పాల్ గారు. ఏసీ మెకానిక్‌గా మొదలుపెట్టి ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. నేను వెళ్లేసరికి ఫోన్లో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నారు. ఫోన్ పెట్టేసి, నీళ్ల చల్లదనం సరిగ్గానే ఉందన్నారు.

"సర్‌జీ, అవే నీళ్లు కొత్త సర్వర్లకీ వెళ్తున్నాయి. అవి బాగానే ఉన్నాయి. గడబడ్ గాలిలో ఉంది. ఒకసారి హాల్ చూద్దాం."

ముప్పై ఏళ్ల అనుభవానికి మూడు నెలల అనుభవం పాఠం చెప్పింది. ప్లాంటు దగ్గర్నుంచి కదలొద్దని ఆయన్ని ఆదేశించి, నేను కూర్చుని మెయిల్ రాశాను. ప్లాంటు ఆపరేటర్ నిర్లక్ష్యమే కారణమనీ, డ్యూటీలో ఫోన్ మాట్లాడుతుండగా స్వయంగా చూశాననీ, చర్య తీసుకోవాలనీ. పై నుంచి కింది దాకా అందరికీ పంపాను.

మా మేనేజర్ పద్మజ మేడమ్‌ది వరంగల్. ఆఫీసులో ఆవిడ మాట ఇంగ్లీషే. నాతో తెలుగులోకి దిగారంటే నాకు మూడిందన్నమాట.

"హాల్లకి పోయి చూసినవా?"

"స్క్రీన్ మీద క్లియర్‌గా ఉంది మేడమ్."

"నేను స్క్రీన్ సంగతి అడగలే."

ముగ్గురం వెళ్లాం. సత్‌పాల్ గారు పాత వరుస మొదట్లోనే ఆగి, వంగి, నేల మీద అరచెయ్యి పెట్టారు. ఒక మాన్యువల్ తీసి పక్కన పెట్టారు. అట్ట ఎత్తారు. గాలి రివ్వున లేచి నా ఐడీ కార్డుని నా ముఖానికేసి కొట్టింది. మేడమ్ స్టూలు వైపు చూశారు. దాని మీద నా మఫ్లర్ నీటుగా మడత పెట్టి ఉంది.

అట్టలన్నీ నేనే ఏరాను. సర్వర్లు ఒక్కొక్కటీ లేచాయి, వెబ్‌సైట్ తెరుచుకుంది. సత్‌పాల్ గారి ఫోన్ మళ్లీ మోగింది. ఆయన కూతురు. పొద్దున ఫోన్ చేసింది కూడా ఆ అమ్మాయే, ఫలితాల పేజీ తెరుచుకోవట్లేదని. పాసైందట. ఆయన క్యాంటీన్ నుంచి లడ్డూలు తెప్పించి అందరికీ పంచారు. నాకు ఒకటి ఎక్కువే ఇచ్చారు. ఆ రెండు లడ్డూలు మింగినంత కష్టం నేను ఇంజినీరింగ్ నాలుగేళ్లలో పడలేదు. క్షమించమని మెయిల్ కూడా వాళ్లందరికీ పంపాను. దాన్ని మాత్రం అందరూ చదివారు.

ఘటన మీద నివేదిక సత్‌పాల్ గారినే రాయమన్నారు మేడమ్. కస్టమర్ల దాకా వెళ్లే కాగితం అది. నా పేరు ఉంటుందని రెండు రోజులు అన్నం సయించలేదు. పేరు లేదు. మూల కారణం అన్నచోట ఆయన ఒక్క వాక్యమే రాశారు: "ఇంజినీర్ సాబ్ కాళ్లకు చలి వేసింది."

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ చిల్లునీ కప్పను, ఎవరి మీదా మెయిల్ రాయను, చలేస్తే రెండు జతల సాక్సులు వేసుకుంటాను. ఈ ప్రమాణం తప్పితే నన్ను జూన్‌లో నోయిడా ఎండలో నిలబెట్టండి, స్వెట్టర్‌తో సహా.