ఇత్థిభావం, మా మేనత్త గీత

నా చిన్నప్పుడు శ్రీకాళహస్తిలో మా ఇల్లంతా కరక్కాయ వాసనే. కలంకారీ పని చేసే ఇల్లు మాది. మగవాళ్లు కలంతో నల్లగీతలు గీసేవారు. ఆడవాళ్లు రంగులు నింపి, గుడ్డలు ఏట్లో ఉతికి తెచ్చేవారు. కలం పడితే ఆడదాని చెయ్యి వణుకుతుందట! తడిగుడ్డల మూటలు మోసే చేతులు వెదురుపుల్లకు వణుకుతాయని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, మా తాతయ్య దాన్ని గట్టిగా నమ్మేవాడు. నాకేమో కలం పట్టాలని ప్రాణం కొట్టుకునేది. అడిగినప్పుడల్లా రంగుముంత చేతికిచ్చేవాడు.

బుద్ధుడి కాలంనాటి భిక్షుణుల బొమ్మ వేయమని పురమాయించిన పెద్దమనిషి ఒకరోజు పని చూడ్డానికి వచ్చాడు. ఊరూరా ఉపన్యాసాలిచ్చే రకం. మండుటెండలో కూడా శాలువా దించడు. మా కాఫీ తాగుతూ, పాళీ భాషలో ‘ఇత్థిభావం’ అనే మాట ఉందనీ, అంటే స్త్రీత్వమనీ, స్త్రీత్వమంటే నిలకడలేనితనమనీ వాయించాడు. తాతయ్య తల ఊపాడు. ముంత పట్టుకుని నిలబడ్డ నాకు, ఇక ఈ జన్మలో కలం అందదని ఏడుపొచ్చింది.

అక్కడే రంగులు నింపుతున్న మా మేనత్త తిరుపతిలో పాళీ చదివిన మనిషి. ఆయన్ని పూర్తిగా వాగనిచ్చింది. తర్వాత ఎక్కడలేని వినయంతో, బొమ్మలో ఏ ముఖం బాగా కుదిరిందో చూపమంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఒక ముసలి భిక్షుణి ముఖం మీద వేలు పెట్టి, మగవాడి చేతి నిలకడంటే ఇదీ అన్నాడు.

“అది నేను గీసినాను సామీ, మద్యాన్నం మా నాయన కునుకు తీస్తా ఉన్నప్పుడు,” అంది అత్త. “ఆ ఇత్థిభావం మాటకు అర్థం పుస్తకాల్లోనే ఉండాది. ఒంటి ఆకారం, గుర్తులు, చేష్టలు, నడిచే తీరు. అంతే. నిలకడ లేదని యాడుండాదో సూపీండి!”

ఆయన బస్సుకు వేళయిందని లేచి, శాలువా సర్దుకుని పోయాడు. అంత చదువూ ఆ శాలువాకే సరిపోయింది.

తాతయ్య ఆ ముఖం గీతల్ని వేలితో రుద్ది చూశాడు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడ్డ నల్లగీత ఇక చెరగదు. ఆయన నా చేతిలో ముంత తీసుకుని, తన కలం పెట్టాడు.

ఆ కలం ఈరోజుకీ వదల్లేదు. ఇప్పుడు నా చెయ్యి నిజంగానే వణుకుతోంది. మొన్న పని చూడ్డానికి వచ్చిన ఒక కుర్ర పండితుడు అది గమనించి, ఆడచెయ్యి కదా అని నవ్వాడు.

“డెబ్బై దాటిన చెయ్యిరా ఎదవా,” అన్నాను. “మా తాతయ్యకూ వణికేది.”

అని కలం ముంచి, మిగిలిన గీత పూర్తి చేశాను.