పిందెకు వేలు చూపొద్దు

నిన్న జగిత్యాలలో స్కానింగుకు వెళ్లాను. డాక్టరమ్మ తెర మీద మినుకుమంటున్న చుక్కను వేలుపెట్టి చూపిస్తూ, "ఇగో చూడమ్మా, గుండె కొట్టుకుంటున్నది" అంది. సంతోషించాల్సింది పోయి, ఆ వేలును చూసి నా గుండె గుబేలుమంది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పిందెకు వేలు చూపితే ఇంట్లో ఎంత కోప్పడేవారో. బతుకమ్మ రోజులు వచ్చేసరికి సారంగాపూర్‌లో మా పెరడంతా కాతే. పందిరికి బీర, దడికి చిక్కుడు, నేల మీద గుమ్మడి తీగ. నాయినమ్మ కాయలు తెంపి గంపలో వేస్తుంటే, గరుకు ఆకులకు చేతులు గీరుకుంటున్నా నేను వెనకే తిరిగేదాన్ని. ఒకరోజు గుమ్మడాకు కింద బొటనవేలంత పిందె కనిపించింది. "నాయినమ్మా, గిదో!" అని వేలు చూపించాను.

ఆమె గంప పడేసి పరుగెత్తుకొచ్చింది.

"వేలు వెట్టి సూపుతరానే! పిందె మురిగిపోతది. కొరుక్కో ఆ వేలు, జల్ది!"

కొరుక్కున్నాను. అయినా తెల్లారి చూస్తే పిందె పసుపుపచ్చగా వాడి, ముట్టుకోగానే చేతిలోకి ఊడొచ్చింది. ఆ మెత్తదనం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పిందె ఊడింది పండు ఈగ కుట్టడం వల్లనేనని చదువుకున్నాక తెలిసింది. కానీ పోయినసారి నా కడుపు మూడో నెలలోనే పోయింది.

"మేడం, జర వేలు ముడుసుకోండ్రి" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గ్లౌజు తీసి, ఆ వేలును మెల్లగా కొరుక్కుంది.