వంకాయ రంగు చీరలో నేను చంపిన మొగుడు

ఆ రోజుల్లో నా పుస్తకాలు కొన్ని వేల ఇళ్లలోకి వెళ్లేవి. ఈ మాట చదివి, నా పేరు ఎక్కడో విన్నట్టుందని ఎవరైనా నుదురు గోక్కుంటూ ఉంటే ఆ శ్రమ అక్కర్లేదు. వాటిమీద నా పేరు ఉండేది కాదు. వెల కూడా ఉండేది కాదు. చీర కొంటే ఊరికే వచ్చేవి. జనం మెచ్చిన రచయితలు మనకు చాలామందే ఉన్నారు గానీ, జాకెట్టు ముక్కతో కలిపి మడతపెట్టిన రచయిత మాత్రం, నాకు తెలిసినంతవరకు, నేనొక్కణ్ణే.

తెలుగులో ఎం.ఏ. చేసినవాడికి దేశంలో ఎన్ని ఉద్యోగాలు ఎదురుచూస్తుంటాయో అన్నీ చూసి వచ్చాక, సూరత్ రింగ్ రోడ్‌లో ఒక హోల్‌సేల్ చీరల దుకాణంలో చేరాను. తెలుగు పార్టీలతో ఫోన్లో మాట్లాడటం నా పని. (పార్టీ అంటే అక్కడ రాజకీయం కాదు, సరుకు కొనే షాపువాడు. మాట తప్పడం మాత్రం రెండింటికీ ఉమ్మడి.) ఆ వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది. ఒక డిజైను అంటే ఎనిమిది రంగులు, ఎనిమిది చీరలు, ఒక సెట్టు. నచ్చిన రంగులే ఏరుకుంటానంటే కుదరదు. ఎనిమిదింటిలో ఇద్దరు ముగ్గురు అందగత్తెలు, మిగిలినవాళ్లు ఇంటిపని చేసే రకం, ఒకటి మాత్రం తప్పనిసరిగా ఆవపిండి రంగు. ఆ ఆవపిండి పిల్లకు సంబంధం కుదర్చలేక ఊరూరా షాపులవాళ్లు నాకు ఫోన్ చేసి ఏడ్చేవారు.

ఎదురు దుకాణంవాడు చీరతోపాటు దువ్వెన ఇవ్వడం మొదలుపెట్టిన రోజున మా సేఠ్ నన్ను పిలిచి, "భాయ్, తూ ఇత్నా పఢా హై. కుఛ్ లిఖ్ దే, డబ్బే మే డాల్ దేంగే" అన్నాడు. ఇంత చదివావు, ఏదైనా రాసిపారెయ్, పెట్టెలో పడేద్దాం అని. తెలుగు సాహిత్యం నా నుంచి ఏదో ఆశిస్తోందని నాకు ముందునుంచీ అనుమానంగానే ఉండేది గానీ, ఆ కబురు దువ్వెన దారిలో వస్తుందనుకోలేదు.

అలా పదహారు పేజీల పుస్తకాలు పుట్టాయి. సెట్టుకొక నవల, చీరకొక భాగం. ఏ భాగం ఏ చీరలో వస్తే నాయిక ఆ భాగంలో ఆ రంగు చీరే కడుతుంది. అసలు మలుపు అంతా ఆవపిండి రంగులో పెట్టాను. ఆవపిండి రంగు చీర కట్టుకున్నప్పుడే నాయికకు ప్రేమలేఖ వచ్చింది. ఆవపిండి రంగు చీరలోనే ఆమె గయ్యాళి ఆడపడుచు నోరు మూయించింది. రెండు నెలల్లో ఆవపిండి కోసం కొట్లాటలయ్యాయి. వీధిలో ఎనిమిదిమంది ఎనిమిది రంగులు కొనుక్కుని, పుస్తకాలు మార్చుకుని చదువుతున్నారని జగిత్యాల వైపు షాపాయన చెప్పినప్పుడు, ఆనందం పట్టలేక మార్కెట్‌లో పరుగెత్తి, మూటలు మోసే ఆయన్ను కౌగిలించుకున్నాను. ఆయన మూటతో సహా నన్ను పక్కకు నెట్టి, తన దారిన తాను వెళ్లాడు.

నా తొలి పాఠకుడు మా దుకాణంలో ప్యాకింగు చేసే కత్తెర మామ. సిరిసిల్ల వైపు మనిషి, మరమగ్గాలు వదిలి ఇటు వచ్చాడు. మెడలో ఎప్పుడూ కత్తెర వేలాడుతుండేది. తొలి విమర్శకురాలు ఆయన భార్య, స్టోన్లత్త. చీరలమీద తళుకు రాళ్లు బంకతో అంటించే పని ఇంట్లోనే చేసేది. ఆమెకు చదువు రాదు. మామ కూడబలుక్కుంటూ చదువుతుంటే, రాళ్లు అంటిస్తూ వినేది. ఆమెకు నచ్చిన భాగం వింటూ అంటించిన చీరలో రాళ్లు వరుస తప్పేవి. సేఠ్‌కి అవి తప్పులు, నాకు చప్పట్లు.

విజయం మనిషిని పాడుచేస్తుందంటారు. నన్ను అంతకంటే ఘోరంగా, సాహిత్యంలోకి దింపింది. ఎన్నాళ్లిలా ప్రేమలేఖలు, ఆడపడుచులు? విషాదం రాయని రచయిత ఒక రచయితేనా? ఆ ఏడు శ్రావణమాసం సెట్టులో ఎనిమిదో రంగు వంకాయ రంగు. శ్రావణానికి షాపులవాళ్లు ఆ ఒక్క రంగునూ విడిగా కూడా అడుగుతారని, సేఠ్ స్వయంగా ఊరి బయట పల్సానాలోని రంగుల మిల్లుకు వెళ్లి, రంగు కుదిరేదాకా దగ్గర నిలబడి, సీజను సరుకులో సగం వంకాయ రంగే వేయించాడు. ఆ చీర పెట్టెలో పెట్టే ఎనిమిదో భాగంలో నేను నాయిక భర్తను చంపేశాను. ఊరికే చంపలేదు. చితిమంటకు రెండు పేజీలు కేటాయించాను. రాస్తూ నేనే ఏడ్చాను. ప్రెస్సులో ఎవరికీ తెలుగు రాదు కాబట్టి ఆపేవాళ్లు లేకపోయారు. సీజను తొందరలో మామకు కూడా చదివే తీరిక లేక, పుస్తకాలు పెట్టెల్లో పెట్టేశాడు.

పార్సిళ్లు చేరిన మూడో రోజు పొద్దున్నే జగిత్యాల షాపాయన ఫోన్.

"ఏం తమ్మీ, పాణం మంచిగున్నదా?"

"బాగానే ఉన్నానండీ."

"మరి శ్రావణమాసం చీరెల మొగుణ్ణెందుకు సంపినవ్? వరలక్ష్మి వ్రతానికి చీరె కొంటానికొచ్చిన ఆడోళ్లు, వంకాయ రంగు జూస్తేనే దండం వెట్టి ఎనుకకు జరుగుతున్రు. ఒకామె నిన్న కొన్న చీరె మెట్లమీదనే వెట్టి పోయింది. లోపటికి గూడ రాలె!"

మధ్యాహ్నానికి పదకొండు ఊళ్ల నుంచి అదే మాట. మాంగల్యం పదికాలాలు నిలవాలని కొనే చీరలో నేను మొగుణ్ణి చితి ఎక్కించి పంపాను. ఎం.ఏ.లో విషాదాంతం గురించి ఇరవై మార్కుల ప్రశ్న ఉండేది గానీ, శ్రావణ శుక్రవారం గురించి ఎవరూ అడగలేదు. సేఠ్ అరవలేదు. అదే భయం. ఫోను బల్లమీద పెట్టి, "భాయ్, మైనే తుఝే సాడీ బేచ్‌నే రఖా థా, శ్మశాన్ ఖోల్‌నే నహీ" అన్నాడు. నన్ను పెట్టుకుంది చీరలు అమ్మడానికట, శ్మశానం తెరవడానికి కాదట. తర్వాత నెమ్మదిగా, శుక్రవారంలోగా వంకాయ కదలకపోతే నా సామాను సర్దుకోవచ్చన్నాడు. (నా సామాను ఒక సంచి, ఒక చాప. సర్దడం కష్టం కాదు. ఊళ్లో దిగి, ఎందుకొచ్చావని అడిగితే ఏం చెప్పాలన్నదే కష్టం.)

భోజనాల వేళ మామ నన్ను తన ఇంటికి లాక్కుపోయాడు. అత్త ముందు ఆ భాగం చదివి వినిపించాడు. చితి దగ్గరకు వచ్చేసరికి ఆమె బంక గిన్నె పక్కన పెట్టేసింది.

"గంత మంచి పిలగాడు. ఆన్నెందుకు సంపినవ్ర బిడ్డా?"

"కథ అలా కోరింది అత్తా."

"కథ గోరుడేంది? కథకేమన్న నోరున్నదా? నువ్వే సంపినవ్, నువ్వే లేపు."

"కుదరదు అత్తా. కాల్చేశాను."

"ఎంతసేపు?"

"రెండు పేజీలు."

అత్త నావైపు జాలిగా చూసింది. "ఒక్క పేజీ అయితే జర సగం కాలినోణ్ణన్న లేపుతుంటిమి."

మామ అన్నం కలుపుతూ, "కల వడ్డదని రాయరాదు?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాలేజీలో గోడపత్రిక నడిపే రోజుల్లో, చివర్లో 'అదంతా కల' అని రాసినవాణ్ణి రచయితల్లోంచి వెలివేయాలని సంపాదకీయం రాసినవాణ్ణి నేను. అదే చెప్పాను. అత్త వినిపించుకోలేదు. ఆమె కళ్లు అప్పటికే మెరుస్తున్నాయి.

"అవ్, కలనే! కలల సచ్చినోనికి ఆయుస్సు వెరుగుతది గదరా! మా నాయిన సచ్చిండని మా అమ్మకు మూడుసార్లు కల వడ్డది. తొంబై ఏండ్లు బతికిండు ముసలోడు, అందర్ని సతాయించి పోయిండు!"

నేను ముద్ద నోటి దగ్గరే ఆపేశాను. సంపాదకీయం, గోడపత్రిక, విషాదాంతం, అన్నీ ఆ ముద్దతో మింగేసి, అక్కడే మామ దగ్గర పెన్సిలు తీసుకుని, చీర అట్టముక్క వెనక రాశాను: 'ఆమె ఉలిక్కిపడి లేచింది. పక్కన భర్త గురక పెడుతున్నాడు. వంకాయ రంగు చీరలోనే నిద్రపోయానని అప్పుడు గుర్తొచ్చింది. అత్తగారు విని నవ్వి, కలలో పోయినవాడికి నూరేళ్లమ్మా, ఆ చీర పదిలంగా దాచుకో అంది.'

సాయంత్రానికి చీటీలు అచ్చయ్యాయి. అత్త తన గల్లీ ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి, రాళ్లు అంటించే బంకతోనే, గోదాములో మిగిలిన ప్రతి పుస్తకం చివరా ఒక చీటీ అంటించింది. షాపులకు ముందు ఫోన్లో ఫొటో వెళ్లింది, వెనక చీటీల కట్ట. గురువారం పొద్దున జగిత్యాల ఫోన్ వచ్చింది. "తమ్మీ! వంకాయ రంగు ఇంకెంతున్నదో గంతా తోలు! మొగని ఆయుస్సు చీరె అని కొట్టుకుంటున్రు. ముసలోళ్లు సుత పెండ్లాలను దీస్కొని తామే వస్తున్రు!"

శుక్రవారానికి వంకాయ రంగు ఒక్క చీర మిగల్లేదు. మొత్తం నా రచనలన్నిటిలో జనాన్ని ఊపేసింది ఆ నాలుగు వాక్యాల చీటీయే. సేఠ్ నాకు జిలేబీ తినిపించి, భుజం మీద చెయ్యి వేసి, "అబ్ హర్ కలర్ మే ఏక్ ఏక్ పతి మారో!" అన్నాడు. ప్రతి రంగులోనూ ఒక్కొక్క మొగుణ్ణి చంపాలట. ఎనిమిది భాగాల్లో ఎనిమిదిసార్లు చచ్చి లేచే భర్తను రాయలేక, తర్వాత కొన్నాళ్లకు నేనే ఆ దుకాణం వదిలేశాను.

ఊరు మాత్రం వదల్లేదు. ఇప్పుడు సూరత్‌లోనే అడాజన్‌లో ఉంటున్నాం. మా పైఫ్లాట్‌లో హజీరా ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగు ఇంజనీరు కుటుంబం. మొన్న వరలక్ష్మీ వ్రతానికి, ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దావిడ మా ఆవిడ దగ్గర తాంబూలానికి వచ్చింది. వంకాయ రంగు చీర. అంచు దగ్గర కొంచెం వెలిసింది. వెనకాల ఆవిడ భర్త, ఎనభై దాటిన మనిషి, లిఫ్టు పనిచేయకపోయినా మెట్లు దిగి వచ్చి, సోఫాలో కూర్చుని పులిహోర రెండోసారి అడిగాడు.

"ఇది మా ఆయన ఆయుష్షు చీరమ్మా. దీంతోపాటు చిన్న పుస్తకం వచ్చింది" అని ఆవిడ సంచిలోంచి భద్రంగా తీసి చూపించింది. చివరి పేజీలో వంకరగా అంటించిన చీటీ. దాని మూలన, బంకలో చిక్కుకుపోయి, ఒక తళుకు రాయి. మా స్టోన్లత్త సంతకం.

"ఎవరు రాశారో పేరు కూడా లేదు బాబూ. చీర ఈ ఊరిదేనట. నువ్వు ఇక్కడివాడివే కదా, తెలుసా?"

నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఒక పాఠకురాలు ఎదురుగా నిలబడి అడుగుతోంది. చెప్పవచ్చు. చెబితే చీటీ సంగతి చెప్పాలి, సేఠ్ సంగతి, చాప, సంచి, అన్నీ చెప్పాలి. నేను సోఫావైపు చూశాను. ఆయన పులిహోరలో వేరుశెనగ పప్పు ఏరుకుని తింటున్నాడు, నూరేళ్ల తీరికతో.

"తెలియదు పిన్నిగారూ" అన్నాను. "ఎవరో గానీ, బాగా తెలిసినవాడే రాసి ఉంటాడు."