కట్టలు వరండాలో పెట్టించిన పిన్ని

మా పిన్ని పోయింది. పోయిన బుధవారం పొద్దున్నే, బందరులో, మా ఇంట్లోనే. ఈ కాగితం చేతికందే సరికి మీలో చాలామందికి సంగతి తెలిసే ఉంటుంది. నెలనెలా కొత్త చట్టాల కబుర్లకోసం మీరు చదివే కాగితమే ఇది. ఈ నెల మాత్రం ఇందులో ఒక్క చట్టం కూడా లేదు. యజమానులు ఒక్క నెల చట్టం చదవకపోతే కొంపలేం మునగవు. పిన్ని ఉంటే ఈ మాటకి నన్ను చీవాట్లు పెట్టేది.

దివిసీమలో, హంసలదీవి దగ్గర పల్లెలో పుట్టి, మిషన్ బడిలో చదివి, మద్రాసు వెళ్లి ప్లీడరై వచ్చింది. బందరులో బోర్డు కడితే ఆడ ప్లీడరు దగ్గరికి ఎవరొస్తారని నవ్వారట. మొదట వచ్చింది గుడివాడ బియ్యం మిల్లుల వాళ్లే. ఫీజు తక్కువని వచ్చారని తనే నవ్వుతూ చెప్పేది. ఆ తరవాత ప్రెస్సుల వాళ్లు, గిలకలదిండి పడవల ఆసాములు వచ్చారు. తను పనిచేసేది యజమానుల వైపే. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచేది కాదు. నేను ఆమె అక్క కూతుర్ని. గుమాస్తాగా చేరి, ఆమె చెవినిల్లు కట్టుకుని పోరితే లా చదివాను.

ఆ రోజుల్లో చట్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. కూలి రేట్లు, పని గంటలు, ప్రావిడెంట్ ఫండు, మిషను కింద చెయ్యి పోతే ఇవ్వాల్సిన పరిహారం. గెజిట్ వచ్చిందంటే పిన్ని కాఫీ చల్లారిపోవాల్సిందే. తనే తెలుగులో స్టెన్సిల్ మీద రాసేది, నేను సైక్లోస్టైల్ మిషను తిప్పేదాన్ని. నా చీరలన్నీ ఆ ఇంకు పాలయ్యాయి. "చట్టం అర్థం కాలేదని ఎవరూ నా దగ్గర అనకూడదు. నచ్చలేదంటే అననీ, వింటాను" అనేది. గుడివాడ వెళ్తే మిల్లు ఆసామి గదిలో కూర్చునేది కాదు. వడ్లు ఆరబోసే చప్టా మీద కూలీలనీ ఆసామినీ ఒక్కచోట నిలబెట్టి చదివి వినిపించేది. డబ్బిచ్చేది మేమైతే వాళ్లకెందుకు చెప్తారని ఎవరైనా మొహం గంటు పెట్టుకుంటే, మీరిప్పుడు దాచింది రేపు కోర్టులో వాళ్ల ప్లీడరు చదువుతాడండీ అనేది.

అలాంటి పిన్ని రాసిన కాగితమే ఒకసారి కొందరి పొట్ట కొట్టింది.

కానుపుకి వెళ్లిన ఆడకూలీని పనిలోంచి తీసెయ్యకూడదనీ, ఆ సెలవుకి కూలి ఇవ్వాలనీ కొత్త చట్టం వచ్చింది. అమలులోకి రావడానికి ఇంకా వ్యవధి ఉంది. యజమానులు ముందుగా సిద్ధపడాలని పిన్ని వివరంగా రాసి పంపింది. సిద్ధపడ్డారు మహానుభావులు. ఆ వారంలోనే గుడివాడ మిల్లుల్లో వయసులో ఉన్న ఆడవాళ్లందరినీ మానిపించి, ముసలమ్మలని ఉంచుకున్నారు.

నాగరత్నం అనే మిల్లు కూలీ, ఇంకో ఇద్దరితో కలిసి రైలెక్కి మా ఆఫీసుకి వచ్చింది. ఆమెకి అప్పటికి ఐదో నెల.

"అమ్మగారూ, మీ కాగితం వచ్చాకే మమ్మల్ని రావద్దన్నారండీ. మీరది రాయకపోతే మా పని మాకుండేది" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆసాములు చేసిన పనికి మమ్మల్నంటావేమిటని లేచాను. పిన్ని ఒక్క చూపు చూసింది, నోరు మూసుకుని కూర్చున్నాను. ముగ్గురికీ అన్నం పెట్టించింది. వాళ్లు చేతులు కడుక్కుని వచ్చాక చెప్పింది.

"నేను ఆసాముల ప్లీడర్ని. మీ తరఫున కోర్టుకి రాలేను. నా కాగితం వల్ల పోయిన పని మాత్రం నేనే తెప్పిస్తాను."

మర్నాడు బీరువాల్లోని మిల్లుల కేసు కట్టలన్నీ దింపించి వరండాలో పెట్టించింది. ఆ ఆడవాళ్లు మళ్లీ చప్టా మీద కనపడాలి, లేకపోతే ఎవరి కట్ట వాళ్లు పట్టుకెళ్లాలి అని అందరికీ కబురు పెట్టింది. మేం తినే అన్నం ఆ మిల్లుల మీదే. వాళ్లందరూ వెళ్లిపోతే జీతాలెలా అని ఏడ్చాను కూడా. ఏడవడం అయిపోయాక కట్టల మీద దుమ్ము దులపమంది.

ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, పలకరించకుండా కట్టలు జట్కాలో వేయించుకుని వెళ్లిపోయారు. ఆ తరవాత నాగరత్నం పనిచేసిన మిల్లు ఆసామి వచ్చాడు. మాకు చుట్టం కాకపోయినా ఆయన్ని నేను మావయ్యగారూ అనే పిలుస్తాను. అమ్మకం పన్ను మీద ఆయన అప్పీలు విచారణ దగ్గరపడింది, దాని లోతుపాతులు పిన్నికి తప్ప ఎవరికీ తెలియవు.

"చెల్లెమ్మా, అందరినీ తీసుకుంటాను. కడుపుతో ఉన్నవాళ్లని మాత్రం అడక్కు" అన్నాడు.

"ఆ చట్టం వచ్చిందే వాళ్ల కోసమండీ" అంది పిన్ని.

మిగతా మిల్లుల వాళ్లు ఎగతాళి చేస్తారన్నాడు. చెయ్యనివ్వండి అంది. ఆయన లేచి వరండాలోకి వెళ్లి తన కట్ట మీద చెయ్యి వేశాడు. పట్టుకుపోతాడనుకున్నాను.

"ఇది లోపల పెట్టించమ్మా, చెదలు పడుతుంది" అన్నాడు.

"వాళ్లు పనిలోకి వచ్చాక పెట్టిస్తాను" అంది.

మాట వరసకి కాదు, నిజంగానే పెట్టించలేదు. గుడివాడ పాసింజరెక్కి వెళ్లి, నాగరత్నం చప్టా మీద వడ్లు తిరగేస్తుంటే కళ్లారా చూసి వచ్చాకే ఆ కట్ట బీరువాలోకి వెళ్లింది. ఆయన్ని చూసి మరికొందరు మెత్తబడ్డారు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే. ఆ ఏడాదంతా మా ఇంట్లో పచ్చడి మెతుకులే. పిన్ని ఒక్కసారి కూడా అయ్యో అనలేదు.

కట్టలు తీసుకెళ్లిన ఆ ఇద్దరూ మొన్న సమాధుల దొడ్డికి వచ్చి, ఎండలో చివరిదాకా నిలబడ్డారు. సంతోషం. ఆఫీసు మూసేస్తావా అని అడిగిన వాళ్లందరికీ కలిపి ఒకటే జవాబు: మూయను. ఎవరికైనా ఆ చప్టా మీద అందరి ముందూ నేను చట్టం చదవడం ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, వాళ్ల కట్ట వాళ్లకి ఇచ్చేస్తాను. ఆమె లేదని నాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువగా ఉంది. ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది నాకు.

ఆ పచ్చడి మెతుకుల రోజుల్లోనే నాగరత్నానికి ఆడపిల్ల పుట్టింది. కానుపు సెలవు అయిపోవస్తుండగా పిల్లనెత్తుకుని ఆఫీసుకి వచ్చింది. పిన్ని అప్పుడే నల్లకోటు తొడుక్కుని కోర్టుకి బయలుదేరుతోంది. నాగరత్నం పిల్లని అందించబోతే పిన్ని చేతులు చాచలేదు.

"ముందు సంగతి చెప్పు. పనిలోకి రమ్మన్నారా?"

"సోమవారం నించి రమ్మన్నారండీ. నా చోట్లో ఎవర్నీ పెట్టలేదండీ."

అప్పుడు తీసుకుంది. పసిపిల్లల్ని ఎత్తుకోవడం అలవాటు లేని మనిషి, మెడ కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో నాగరత్నమే చూపించింది. పిల్ల కాసేపు గుక్కపట్టి ఏడ్చి, కోటు భుజమంతా చొంగతో తడిపేసింది. పిన్ని వరండాలో ఆ కొస నించి ఈ కొసకి నడుస్తూనే ఉంది. వీధిలో జట్కా అబ్బాయి కేకేశాడు. కోర్టుకి ఎన్నడూ ఆలస్యంగా వెళ్లని మనిషి కదా అని నేనే దగ్గరికి వెళ్లి, టైమైపోయింది పిన్నీ అన్నాను.

"ఉండవే" అంది మెల్లగా, "ఇప్పుడే కళ్లు మూసింది."