చల్లగా ఉన్నప్పుడు కొలిచాను

మా మేనత్త ముప్పై ఏళ్ళు యూనిఫారాలు కుట్టే షాపులో పనిచేసింది. టేపు లేకుండానే మనిషిని చూసి ఛాతీ కొలత చెప్పేది, అందుకే వీధిలో అందరూ ఆవిడను కొలతలమ్మ అనేవారు. బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి ఇందులో నూలెంత, నైలానెంత అని తేల్చేసేది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నాకు స్క్రూడ్రైవరు పట్టడం కూడా రాని రోజుల్లో, ఇరుగుపొరుగు ఇళ్ళలో మూలపడ్డ మిక్సీలూ ఫ్యాన్లూ అడిగి తెచ్చి నా ముందు పడేసి, "విప్పి చూడరా, చెడిపోయినదాన్ని నువ్వు కొత్తగా చెడగొట్టేదేముంది" అనేది. ఈ రోజు నేను మెకానిక్‌నై నాలుగు మెతుకులు తింటున్నానంటే అది ఆవిడ చలవే. అలాంటి మనిషికి నేను చేసిన నిర్వాకం ఇది.

ఆవిడ కొడుకు, అంటే మా బావ, ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. బట్టలారబెట్టే మెషీన్‌లో వేసిన వాళ్ళ పాప ఉన్ని స్వెట్టర్ బొమ్మకు తొడిగేంత అయిపోయిందట. అంతకుముందు వారం తన చొక్కా గుండీలు వంకర్లు పోయాయట. ఆ ఇంట్లో బట్టల పనంతా అత్తదే. నేను వెళ్ళేసరికి ఆవిడ ఆ స్వెట్టర్‌ను ఒళ్ళో పెట్టుకుని, సాగుతుందేమోనని లాగుతూ కూర్చుంది.

"మొదట బాగానే తిరుగుతుందిరా," అంది. "కాసేపు పోయి బాగా వేడెక్కాక దానికి పిచ్చెక్కుతుంది. నేను వేడి నాబ్ తక్కువ మీదే పెట్టాను."

"సరే అత్తా, నువ్వు కాస్త జరుగు," అన్నాను. ఇంకో రెండిళ్ళకు వెళ్ళాలన్న తొందర నాది. వెనక రేకు విప్పి, వేడిని కనిపెట్టే సెన్సర్‌కు మీటరు పెట్టాను. వేడి పెరిగేకొద్దీ దాని అంకె తగ్గాలి. ఆ అంకెను బట్టే మెషీన్ హీటర్‌ను ఆపుతుంది. చల్లగా ఉన్న సెన్సర్ అచ్చం మెషీన్ పుస్తకంలో ఉన్న అంకెనే చూపించింది. గాలి గొట్టంలో పీచు కూడా ఏమీ అడ్డం లేదు. పని అయిపోయిందనుకున్నాను. సెన్సర్‌ను వేడి చేసి కూడా చూడాలని తెలియక కాదు, పదిహేనేళ్ళుగా చేస్తున్న పనే. బద్ధకం, దానికి తోడు పొగరు.

"మెషీన్‌కి ఏ రోగమూ లేదు బావా," అన్నాను. "నాబ్ ఎక్కువ మీద పెట్టి మర్చిపోయుంటుంది. అత్తకి వయసు మీద పడుతోంది కదా."

నవ్వుతూనే అన్నాను. అత్త కూడా నవ్వింది. బావ నవ్వలేదు.

ఆ మాట ఆ ఇంట్లో పాతుకుపోయింది. ముందు మెషీన్ ముట్టుకోవద్దన్నారు. తర్వాత స్టవ్ దగ్గరికి వెళ్ళొద్దన్నారు. ఆ తర్వాత ఇంటి తాళంచెవి తీసేసుకున్నారు. మతిమరుపు జబ్బేమోనని డాక్టరుకు చూపిస్తే, ఇప్పుడే ఏమీ చెప్పలేం, కనిపెట్టుకుని ఉండండి అన్నాడట. అలా కనిపెట్టుకుని కూర్చుంటే ఎవరిలో మాత్రం తప్పులు దొరకవు? కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటే అదీ జబ్బు ఖాతాలోకే పోయింది. ఇదంతా బావ ఫోన్‌లో చెబుతూనే ఉన్నాడు. నేను కూడా "జాగ్రత్త బావా" అంటూ ఊకొట్టాను, సిగ్గులేకుండా.

నాలుగు నెలల తర్వాత బావ మళ్ళీ పిలిచాడు. ఈసారి బట్టలు వేసింది తనే. నాబ్ తక్కువ మీద తన చేత్తోనే పెట్టాడు. అయినా నైలాన్ ప్యాంటు కాలిన వాసనతో ముడుచుకుపోయి బయటికొచ్చింది.

ఈసారి సెన్సర్‌ను ఊడదీసి, వైర్లు తడవకుండా మొనను మాత్రం వేడినీళ్ళ గ్లాసులో ముంచాను. మీటరులో అంకె తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఉన్నట్టుండి మాయమైంది. లోపల అతుకు విడిపోయి ఉంది. చల్లగా ఉంటే అంటుకుంటుంది, వేడెక్కితే వదిలేస్తుంది. అది వదిలేస్తే, బట్టలింకా చల్లగానే ఉన్నాయనుకుని మెషీన్ హీటర్‌ను ఆపదు. అత్త అక్షరాలా ఇదే చెప్పింది. మీటరు లేకుండానే రోగం పట్టుకుంది. నేను మీటరు చేతిలో పెట్టుకుని ఆ రోగాన్ని ఆవిడకే అంటగట్టాను. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

బావకు చూపించాను. తనే ఇంకోసారి ముంచి చూశాడు. "అమ్మకి నువ్వే చెప్పు," అన్నాడు చివరికి.

అత్త తన గదిలో మంచం మీద కూర్చుని చిన్న నోటుబుక్‌లో ఏదో రాసుకుంటోంది. తొంగి చూశాను. 'కుళాయి కట్టేశాను. మందు వేసుకున్నాను. కిటికీ మూశాను.' పేజీ నిండా అవే, టైముతో సహా. ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"తప్పు నీది కాదత్తా. సెన్సర్ పోయింది. ఆ రోజు నేనే సరిగ్గా చూడలేదు. చూడకుండానే నోరు పారేసుకున్నాను."

గ్లాసూ మీటరూ తెచ్చి ఆవిడ ముందే సెన్సర్‌ను మళ్ళీ ముంచి చూపించాను. ఓపిగ్గా చూసింది. నా తల నిమిరింది.

"నేను బాధపడుతున్నానని ఇలా చెప్తున్నావు కదూ."

"ఒట్టు అత్తా, నిజంగానే."

"ఆ రోజు కూడా మీటరు చూసే చెప్పావు కదరా. నాబ్ తక్కువ మీద పెట్టినట్టే నాకు బాగా గుర్తు. కానీ నువ్వు మెకానిక్‌వి కదా, నువ్వు చెప్పాక నాకే తప్పుగా గుర్తుందనుకున్నాను. అప్పట్నించీ నాకు ఏది గుర్తున్నా నమ్మబుద్ధి కావట్లేదు."

ఆవిడ గడియారం చూసి, నోటుబుక్‌లో నెమ్మదిగా రాసింది. 'మేనల్లుడు వచ్చాడు. తప్పు మెషీన్‌ది అన్నాడు.' రాసి, పుస్తకం నా వైపు తిప్పింది.

"నువ్వన్నది ఇదేనా? సరిగ్గా చూసి చెప్పు," అంది.